సెప్టెంబర్ 28 డెట్రాయిట్ టైగర్స్ బేస్‌బాల్ ఆట: తెలుగు వాలంటీర్ల చర్చ (2024)

టికెట్ల టీమ్ – ఆగస్టు 11, ఆదివారం

అందరికీ నమస్కారం. నిన్నటి కమిటీ కాల్‌లో సెప్టెంబర్ 28 బేస్‌బాల్ ఔటింగ్ మానేసి, ఆ డబ్బు బతుకమ్మ హాలు ఖర్చులకు వాడదామన్న మాట వచ్చింది. అందరూ చెప్పిన కారణం ఒకటే. టైగర్స్ ఓడిపోతున్నారు, ఓడే టీమును చూడ్డానికి డెట్రాయిట్ దాకా ఎవరొస్తారని. కాల్‌లో టైమ్ లేక సగమే చెప్పాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

కోపం నాకూ ఉంది. సీజన్ మొదలవగానే వరసగా ఐదు ఆటలు గెలిచి ఆశ పెట్టారు. ఆ తర్వాత రెండు గెలవడం, మూడు ఓడడం. జులై 13న లాస్ ఏంజిలిస్ టీము డాడ్జర్స్ మీద తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఐదు పరుగులు తీసి సమం చేసి, పదో ఇన్నింగ్స్‌లో 11-9తో గెలిచినప్పుడు మా ఇంట్లో చిన్నాపెద్దా అందరం లేచి గెంతాం. ఆ నెల తిరగకుండానే, జులై 30న, మన మంచి పిచ్చర్ (బంతి వేసేవాడు) జాక్ ఫ్లాహెర్టీని అదే డాడ్జర్స్‌కి ఇచ్చేశారు. మార్క్ కానా జెయింట్స్‌కి పోయాడు. ఆండ్రూ చేఫిన్, కార్సన్ కెల్లీ రేంజర్స్‌కి పోయారు. ఈ ఏడాదికి ఇక ఇంతే అని మేనేజ్‌మెంట్ తేల్చేసినట్టే కదా! 2014 తర్వాత ప్లేఆఫ్స్ (సీజన్ చివర టైటిల్ కోసం ఆడే నాకౌట్ సిరీస్‌లు) మొహం చూడని ఊరు ఇది. 2019లో 114 ఆటలు ఓడిన సీజన్‌ని కూడా కళ్లారా చూశాం. పదేళ్లు ఓపిక పట్టినవాళ్లని మళ్లీ "వచ్చే ఏడాది చూద్దాం" అంటే కడుపు మండదా?

నిన్న శాన్ ఫ్రాన్సిస్కోలో ఓడాక 55 గెలుపులు, 63 ఓటములు. ప్లేఆఫ్స్‌కి వెళ్లే అవకాశం 0.2 శాతమని బేస్‌బాల్ గణాంకాల వెబ్‌సైట్ ఫ్యాన్‌గ్రాఫ్స్ లెక్క.

అయినా వెళ్దామనే అంటున్నాను. ప్రపంచకప్ ఫైనల్ చూసినట్టు చూస్తానంటే బేస్‌బాల్ ఎవరికీ నచ్చదు. ఆరు నెలల్లో 162 ఆటలు, దాదాపు రోజూ. ఎంత మంచి టీమైనా అరవై, డెబ్భై ఓడుతుంది. రోజూ చూసేవాడికి దొరికే సంతోషం వేరు. నిన్న చెడ్డ బంతికి బ్యాట్ ఊపి మూడుసార్లు స్ట్రైకౌట్ అయిన (బంతి తగలక మూడు స్ట్రైకులు పడి ఔటైన) కుర్రాడు ఇవాళ అదే బంతిని వదిలేస్తాడు చూడండి, అది పట్టుకున్నప్పుడు కలుగుతుంది. ఇప్పుడున్న కుర్రాళ్లు అలాంటివాళ్లే. రైలీ గ్రీన్, పార్కర్ మెడోస్, కెరీ కార్పెంటర్, కోల్ట్ కీత్, అందరూ ఇక్కడే ఎదుగుతున్నారు. ఇక టారిక్ స్కూబల్ బంతి వేస్తుంటే పక్కన కూర్చున్నవాళ్లతో మాట్లాడబుద్ధి కాదు నాకు.

ఇంకో మాట. వేసవికి వచ్చిన మన అమ్మానాన్నలు చాలామంది అక్టోబర్‌లో తిరిగి వెళ్లిపోతారు. ఆరు నెలలూ గుడి, ఇల్లు, మాల్ తప్ప వాళ్లు చూసిందేముంది? నలభై వేల మంది పట్టే స్టేడియంలో, పచ్చటి గ్రౌండ్ ముందు ఒక మధ్యాహ్నం మనవళ్లతో కూర్చోనిద్దాం. రద్దు మాత్రం చేయొద్దని నా మనవి.

ట్రెజరర్ – ఆగస్టు 11

అన్నా, మీ అభిమానం తెలుసు, కాదనను. కానీ లెక్క చూడాలి కదా. గ్రూప్ టికెట్లకు కట్టింది అడ్వాన్స్ మాత్రమే. పైగా అవతల ఆడేది షికాగో టీము వైట్ సాక్స్. మొన్నటిదాకా వరసగా 21 ఆటలు ఓడారు వాళ్లు! ఆగస్టు నెలాఖరుకి నలభై మంది పేర్లు, డబ్బుతో సహా వస్తే ముందుకెళ్దాం. లేకపోతే ఆపేద్దాం.

ఫుడ్ టీమ్ – ఆగస్టు 12

నేను ట్రెజరర్ గారితో ఏకీభవిస్తాను, కానీ ఔటింగ్ ఉంటే మాత్రం తిండి సంగతి నాకొదిలేయండి. స్టేడియంలో ఏది రానిస్తారో ఏది రానివ్వరో అన్న తంటా వద్దు. గుడి పార్కింగ్‌లో అందరం కలుస్తాం కాబట్టి అక్కడే భోంచేసి బయల్దేరదాం. పులిహోర, దద్దోజనం, వడియాలు. శనివారం కాబట్టి నాన్‌వెజ్ గొడవే లేదు.

టికెట్ల టీమ్ – ఆగస్టు 19, సోమవారం

నిన్న రాత్రి ఆట చూశారా ఎవరైనా? విలియమ్స్‌పోర్ట్‌లో, లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్ లీగ్) ఆడే పిల్లలు చూస్తుండగా జరిగింది. పదో ఇన్నింగ్స్‌లో మెడోస్ కొట్టిన సింగిల్‌తో యాంకీస్‌ని 3-2తో ఓడించారు. ఆటకు ముందు ఇంత ఇంత లేని పిల్లల పక్కన కూర్చుని మన ప్లేయర్లు కబుర్లు చెప్పడం చూసి మా అబ్బాయి టీవీ ముందు నుంచి కదల్లేదు. మన బ్యాటర్ టోర్కెల్సన్‌ని కూడా టొలీడోలోని కింది స్థాయి టీము నుంచి మళ్లీ పిలిచారు. జూన్‌లో కిందికి పంపినప్పుడు ఇక ఈ కుర్రాడి పని అయిపోయిందనుకున్నారు అందరూ.

పేర్లు ఇప్పటికి సగం వచ్చాయి. ట్రాయ్ వైపు నుంచి ఒక్కరూ రాయలేదు, యూత్ టీమ్ వాళ్లు కాస్త ఫోన్లు చేయండి తమ్ముడూ.

యూత్ టీమ్ – ఆగస్టు 20

చేస్తాం అన్నా. పిల్లలు అడుగుతున్నది ఆట గురించి కాదు, లోపలున్న జెయింట్ వీల్ గురించి. బేస్‌బాల్ ఆకారంలో ఉండే బుట్టలంట కదా? పులి బొమ్మల రంగులరాట్నం కూడా ఉందంట. చిన్నపిల్లలున్న ప్రతి కుటుంబానికీ ఇవే చెప్తున్నాం, పేర్లు వస్తున్నాయి.

టికెట్ల టీమ్ – సెప్టెంబర్ 6, శుక్రవారం

నలభై దాటాం. ట్రెజరర్ గారికి ధన్యవాదాలు, పూర్తి డబ్బు కట్టేశారు.

రేపు వినాయక చవితి. అందరూ పత్రి, పాలవెల్లి హడావుడిలో ఉంటారని తెలుసు. కానీ నిన్నటి సంగతి చెప్పకుండా ఉండలేను. శాన్ డియేగోలో తొమ్మిదో ఇన్నింగ్స్, 0-3తో వెనకబడి ఉన్నాం, ఇద్దరు ఔటయ్యారు, ఇంకొక్క స్ట్రైక్ పడితే ఆట ఖతం. బేస్‌లు మూడూ మనవాళ్లతో నిండి ఉన్నాయి. మెడోస్ గ్రాండ్ స్లామ్, ఒక్క దెబ్బకి నాలుగు పరుగులు! 4-3తో గెలిచాం. రేడియోలో కామెంటేటర్ డాన్ డికర్సన్ గొంతు విని కళ్లలో నీళ్లు తిరిగాయి నాకు. ఈ టీము ఫ్లాహెర్టీని అమ్మేశాక ఆడుతున్న ఆట ఇది. స్కూబల్ వేయని రోజుల్లో అసలు ఆట మొదటినుంచి చాలాసేపు బంతి వేసే పూర్తి స్థాయి స్టార్టర్లే సరిపోవడం లేదు. మేనేజర్ ఎ.జె. హించ్ ఒకడితో రెండు ఇన్నింగ్స్, ఇంకొకడితో మూడు, ఇలా ఉన్నవాళ్లని అటూఇటూ సర్ది లాక్కొస్తున్నాడు. ఎవరు ఎప్పుడొస్తారో ఎదుటి బ్యాటర్లకి అంతుపట్టడం లేదు. లేమిలోంచి పుట్టిన పద్ధతి, ఇప్పుడదే బలమైంది.

ఇక పెద్దవాళ్ల కోసం తెలుగులో ఒక పేజీ తయారు చేశాను, ప్రింట్లు తెస్తాను. క్రికెట్ తెలిసినవాళ్లే కాబట్టి తేడాలు మాత్రం రాశాను. వెనక్కి కొడితే పరుగులు ఎందుకు రావు, కొట్టాక బ్యాట్ ఎందుకు పారేస్తారు, మూడు స్ట్రైకులంటే ఏంటి, నాలుగు బాల్స్ అయితే ఊరికే ఎందుకు నడిచి వెళ్తారు. ఇవన్నీ మా మామయ్యగారు అడిగిన ప్రశ్నలే. ఖమ్మం నుంచి ఏప్రిల్‌లో వచ్చారు. మొదట్లో "ఇదేం ఆట, కొట్టేది తక్కువ, నిలబడేది ఎక్కువ" అనేవారు. ఇప్పుడు పెన్సిల్ పట్టుకుని స్కోర్‌కార్డు రాస్తున్నారు. బ్యాట్ ఊపి స్ట్రైకౌట్ అయితే మామూలు కె అక్షరం, ఊపకుండా చూస్తూ నిలబడి ఔటైతే తిరగేసిన కె. స్కూబల్ వేసిన రోజు ఆ కాగితం నిండా కె-లే. తప్పు పడితే రబ్బరుతో చెరిపి, దుమ్ము ఊది మళ్లీ రాస్తారు. ఖాళీ స్కోర్‌కార్డులు కొన్ని తెస్తాను, ఆసక్తి ఉన్న పెద్దవాళ్లని ఆయన పక్కన కూర్చోబెడదాం.

రైడ్స్ టీమ్ – సెప్టెంబర్ 14

స్కూల్ బస్సు ఒకటి మాట్లాడాను. నోవై గుడి దగ్గర ఎక్కి ఐ-96 మీదుగా డౌన్‌టౌన్‌కి. ఆట రోజు అక్కడ పార్కింగ్ చాలా ఖరీదు కాబట్టి కార్లలో వచ్చేవాళ్లు కూడా వీలైతే బస్సే ఎక్కండి. కాంటన్, ఆన్ ఆర్బర్ వాళ్లకి ఒక మాట. అదే రోజు ఆన్ ఆర్బర్‌లో మిషిగన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆట ఉంది. రోడ్లు కిక్కిరిసిపోతాయి, ఎప్పటికన్నా ముందే బయల్దేరండి.

అన్నా, నిన్న రాత్రి నేనూ చూశాను. బాల్టిమోర్ ఓరియోల్స్‌కి తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు ఔటయ్యేదాకా ఒక్క హిట్ కూడా రాలేదు! 1-0తో గెలుపు. నన్ను కూడా ఈ పిచ్చిలోకి లాగేశారు.

టికెట్ల టీమ్ – సెప్టెంబర్ 26, గురువారం

ఇప్పుడు రోజుకి పదేసి మెసేజ్‌లు వస్తున్నాయి, "ఇంకో రెండు టికెట్లు దొరుకుతాయా" అని. మన కోటా అయిపోయింది. బయట కొనుక్కుంటే సీట్లు మన పక్కన రావు. వెయిటింగ్ లిస్టులో ముందు తల్లిదండ్రులతో వచ్చేవాళ్లకే ఇస్తాను, ఇందులో మొహమాటం లేదు.

మంగళవారం స్కూబల్ టాంపా బే టీము రేస్‌ని ఓడించి, పిచ్చర్‌గా తన ఖాతాలో ఈ సీజన్ 18వ గెలుపు వేసుకున్నాడు. సీజన్ మొత్తానికి 228 స్ట్రైకౌట్లు. ఉత్తమ పిచ్చర్‌కిచ్చే పెద్ద అవార్డు ఈ ఏడాది అతనికి రాకపోతే అన్యాయమే.

టికెట్లు కాగితాలుగా ఉండవు, ఫోన్లో బాల్‌పార్క్ యాప్‌లోకి వస్తాయి. ఒక కుటుంబానికి ఒకరి ఫోన్‌కే పంపుతున్నాను, అమ్మానాన్నల టికెట్లు కూడా అందులోనే. ఈ రాత్రే యాప్ పెట్టుకుని, వచ్చాయని నాకు మెసేజ్ పెట్టండి. గేటు దగ్గర పాస్‌వర్డ్ మర్చిపోయామంటే వెనక లైనంతా ఆగిపోతుంది. పెద్ద బ్యాగులు రానివ్వరు. మందులుంటే చిన్న సంచిలో పెట్టుకోండి. పలచటి స్వెటర్ తెచ్చుకోండి.

టికెట్ల టీమ్ – సెప్టెంబర్ 27, రాత్రి

వెళ్తున్నాం! ప్లేఆఫ్స్‌కి వెళ్తున్నాం! వైట్ సాక్స్ మీద 4-1. పదేళ్ల తర్వాత. 0.2 శాతం అన్న రోజు నుంచి ఇక్కడి దాకా. పదేళ్లుగా ఈ ఊళ్లో ప్రతి ఓటమికీ పక్కన కూర్చున్నవాళ్లందరికీ ఈ రాత్రి దక్కింది. నేను ఇప్పటికీ మామూలు మనిషిని కాలేదు.

ఒక్కటి మాత్రం అడుగుతాను. ఇవాళ్టితో వైట్ సాక్స్‌కి 121 ఓటములు, 1962 నాటి మెట్స్ రికార్డు కూడా దాటిపోయింది. షికాగో నుంచి వచ్చిన వాళ్ల అభిమానులు రేపు మన పక్క వరసల్లో ఉంటారు. మన పిల్లలు వాళ్లని ఆటపట్టించకుండా చూడండి. 2019లో మన పరిస్థితీ అదే.

రేపు ఉదయం భోజనాల దగ్గర హాజరు తీసుకునేది యూత్ టీమ్. ప్రతి పిల్లవాడి జేబులో తల్లిదండ్రుల ఫోన్ నంబరు రాసిన చీటీ ఉండాలి. వుడ్‌వర్డ్ వైపు పెద్ద పులి బొమ్మ దగ్గర అందరం ఆగి, ఫొటో తీసుకుని, అక్కడినుంచే కలిసి లోపలికి వెళ్దాం.

ఫుడ్ టీమ్ – సెప్టెంబర్ 29, ఆదివారం

గిన్నెలన్నీ తిరిగొచ్చాయి, ఒక్క స్టీలు బకెట్ తప్ప. దద్దోజనం గిన్నె అడుగు దాకా ఖాళీ.

టికెట్ల టీమ్ – సెప్టెంబర్ 29

బకెట్ బస్సులో దొరికింది అక్కా, నా దగ్గరుంది.

నిన్న 0-4తో ఓడిపోయాం, ఇవాళ కూడా 5-9. ముందు రోజు రాత్రంతా సంబరాలు చేసుకున్న టీము, నేనేమీ అనను. కాస్త బాధ మాత్రం ఉంది. మొదటిసారి వచ్చినవాళ్లకి ఒక్క పరుగైనా చూపించలేకపోయారు. కానీ ఏడో ఇన్నింగ్స్ మధ్యలో ఆనవాయితీ ప్రకారం అందరూ లేచి పాట పాడినప్పుడు మన పెద్దవాళ్లు కూడా లేచి చప్పట్లు కొట్టారు. మామయ్యగారి చుట్టూ నలుగురు చేరి స్కోర్‌కార్డు రాశారు. "మళ్లీ ఎప్పుడు" అని ఇప్పటికే అడుగుతున్నారు.

ఇక అసలు సంగతి. మంగళవారం నుంచి హ్యూస్టన్‌లో ఆస్ట్రోస్‌తో మూడు ఆటల సిరీస్, మొదటి రోజు స్కూబల్. రెండు గెలిస్తే క్లీవ్‌లాండ్‌తో తర్వాతి సిరీస్ మొదలయ్యేది అక్టోబర్ 5, శనివారం. అదే రోజు మన బతుకమ్మ. ఆ రోజు హాలు సర్దడానికి పేరిచ్చినవాళ్లలో సగం మంది నిన్న మనతో బస్సులో ఉన్నవాళ్లే. ఎవరూ పని ఎగ్గొట్టకూడదు, ఆటా పోకూడదు. హాల్లో ప్రొజెక్టర్ ఉంది కదా, కల్చరల్ టీమ్ అక్కలు ఏమంటారు?

కల్చరల్ టీమ్ – సెప్టెంబర్ 29

బతుకమ్మలు పేర్చేటప్పుడు పెట్టుకోండి, సౌండ్ లేకుండా. ఎవరి కళ్లు ఎటున్నా చేతులు పూల మీదే ఉండాలి. పాటలు మొదలవగానే ప్రొజెక్టర్ ఆఫ్. ఆ తర్వాత స్కోరు కావాలంటే బయట వరండాలో రేడియో పెట్టుకోండి. బంతిపూలు శుక్రవారం రాత్రికే వస్తాయి. పూలు దించడానికి నలుగురు కావాలి, ముందు ఆ పేర్లు ఇవ్వండి.

రైడ్స్ టీమ్ – సెప్టెంబర్ 29

నేనొకడిని. రేడియో కూడా నేనే తెస్తాను.