ముఖం జారిపోతోంది: ఫిల్లర్లా, ఫేస్‌లిఫ్టా?

టీచరమ్మ_విజయనగరం

అందరికీ నమస్కారం. నాకు 56. విజయనగరంలో హైస్కూల్లో లెక్కలు చెప్తాను. షుగర్ వచ్చాక అన్నం తగ్గించి, రోజూ పొద్దున్నే కోట చుట్టూ నడిచి బాగానే సన్నబడ్డాను. షుగర్ దారిలోకొచ్చింది గానీ ముఖం పాడైపోయింది. బుగ్గలు లోపలికి పోయాయి, దవడకి రెండు వైపులా చర్మం జారి వేలాడుతోంది. స్టాఫ్‌రూంలో ఎవరో ఒకరు "ఏటి మేడమ్, ఒంట్లో బాగోలేదా" అంటూనే ఉంటారు. పైడితల్లమ్మ పండక్కి వచ్చిన మా ఆడపడుచైతే సిరిమాను చూడ్డం మానేసి నా ముఖమే చూస్తూ "ఓలమ్మో, ఇలాగైపోయావేటి వదినా" అంది, జనం మధ్యలో.

మాఘమాసంలో మా అమ్మాయి పెళ్ళి, ఇంకా ఐదు నెలల పైనే టైముంది. ఇక్కడ స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్తే నుదుటి గీతలకి బొటాక్స్ ఇంజెక్షన్, బుగ్గలకి నాలుగు సిరంజిల ఫిల్లర్, అంటే గుంటల్ని సూదితో నింపే జెల్, అన్నారు, గంటలో ఇంటికి పోవచ్చట. వైజాగ్‌లో ప్లాస్టిక్ సర్జన్ని అడిగితే ఫిల్లర్లతో మీ దవడ లేవదు, ఫేస్‌లిఫ్టే, అంటే కోసి పైకి లాగి కుట్టే ఆపరేషనే, చేయించుకోవాలి అన్నారు. ఎవరి దగ్గరున్న సరుకు వాళ్ళకి మంచిదిగానే ఉంది. మా ఆయన "నీ ఇష్టం" అన్నారు, ఆ అనడంలోనే ఆయనకి ఇష్టం లేదని తెలిసిపోయింది.

చేయించుకున్నవాళ్ళు, దగ్గరుండి చూసినవాళ్ళు చెప్పండి. కలబంద రాయమని మాత్రం చెప్పకండి, అవన్నీ అయిపోయాయి.

పాలకొండ_కోడలు

అక్కా, నేను బొటాక్స్ వేయించుకుంటున్నదాన్నే. నాకు కనుబొమల మధ్య రెండు గీతలు పడి, మామూలుగా కూర్చున్నా కోపంగా ఉన్నావా అని అడిగేవారు. దానికి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కాకపోతే మూడు నాలుగు నెలలకోసారి మళ్ళీ వెళ్ళాలి, పదేళ్ళు కొనసాగిస్తే ఎంతవుతుందో మీరు లెక్కల టీచరు కాబట్టి నేను చెప్పక్కర్లేదు. కానీ దవడ జారడానికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఫిల్లర్ సంగతి మాత్రం జాగ్రత్త. మా తోడికోడలు చవగ్గా వస్తోందని ఒక పార్లర్‌లో ముక్కు పక్క మడతలకి వేయించుకుంది, పేరు చెప్పను. రాత్రి అయ్యేసరికి అక్కడ చర్మం తెల్లగా పాలిపోయి, చుట్టూ నీలంగా వలలాగా గీతలు తేలాయి, ఒకటే నొప్పి. ఫోన్ చేస్తే స్విచ్డ్ ఆఫ్. కారు కట్టించుకుని వైజాగ్ పరిగెత్తాం. ఫిల్లర్ రక్తనాళంలోకి పోయిందన్నారు, దాన్ని కరిగించే ఇంజెక్షన్ వేశారు కాబట్టి సరిపోయింది, చిన్న మచ్చతో బయటపడింది. ఆ డాక్టరు గారే చెప్పారు, కంటికి వెళ్ళే నాళంలోకి పోతే చూపు కూడా పోవచ్చట.

మన ఊళ్ళలో ఇంకో తిరకాసు ఉంది. ఆదివారం వైజాగ్ నుంచి డాక్టరు వస్తారు, సాయంత్రం ట్రైన్‌కి వెళ్ళిపోతారు. రాత్రి పదింటికి ఏదైనా అయితే ఎవర్ని పట్టుకోవాలి? ఆ కరిగించే మందు, హయాలురోనిడేజ్, మీ క్లినిక్ ఫ్రిజ్‌లో ఉందా అని ముందే అడగండి. అడిగితే ముఖం చిట్లించారంటే లేచి వచ్చేయండి.

నరసన్నపేట_పెద్దాయన

ఈ వయసులో ఇవన్నీ అవసరమా తల్లీ? మా అమ్మ ముఖం నిండా ముడతలే, ఎంత కళగా ఉండేది.

పాలకొండ_కోడలు

బాబాయ్ గారూ, మీ ప్రొఫైల్ ఫొటోలో మీసం అంత నల్లగా ఉందేంటండీ 🙂 ఆవిడ అవసరమా అని అడగలేదు, ఏది అని అడిగారు.

ఓటీ_సిస్టర్

నేను డాక్టర్ని కాదు. వైజాగ్‌లో ప్లాస్టిక్ సర్జరీ థియేటర్లో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు శ్రీకాకుళంలోనే ఉంటున్నాను. మేడమ్, మీకు ఇద్దరూ అబద్ధం చెప్పలేదు, ఇద్దరూ మీ ముఖంలో వేరే వేరే చోట్ల చూసి మాట్లాడారంతే.

నుదుటి గీతలు కండరం పదే పదే ముడుచుకోవడం వల్ల పడతాయి. నరం నుంచి కండరానికి అందే కబురుని బొటాక్స్ కొన్నాళ్ళు ఆపేస్తుంది. మూడు నాలుగు రోజులకి మొదలై రెండు వారాలకి పూర్తిగా తెలుస్తుంది. కొత్త మందేం కాదు, కనుబొమల మధ్య గీతలకి అమెరికాలో 2002లోనే అనుమతిచ్చారు. బుగ్గ గుంటపడటం కొవ్వు తగ్గడం వల్ల, అక్కడ ఫిల్లర్ పనికొస్తుంది. దవడ దగ్గర మీరు చెప్పేది జారుడు. చర్మమే కాదు, దాని కింద ఉన్న పొర కూడా వదులై కిందికి దిగిపోయింది. దాన్ని ఏ సూదీ పైకి లాగలేదు.

సిరంజి అంటే 1 మి.లీ. టీ స్పూన్ 5 మి.లీ. అంటే నాలుగు సిరంజిలు కలిపినా స్పూను నిండదు. అంత కొంచెంతో జారిన ముఖం లేవదు కాబట్టి ఇంకో రెండు, ఇంకో రెండు అని పోస్తూ పోతారు. వదులైపోయిన దిండు గలీబులో దూది కూరుతూ పోతే గలీబు బిగుస్తుందేమో గానీ దిండు బండగా తయారవుతుంది, ముఖమూ అంతే. టీవీలో కొంతమంది బుగ్గలు చూస్తారు కదా, నవ్వితే కళ్ళు మూసుకుపోతాయి. పైగా ఏడాదికి కరిగిపోతుంది అంటారు గానీ, కొందరికి ఎంఆర్ఐ తీస్తే ఏళ్ళ తర్వాత కూడా లోపల కనిపించింది. ఇంకో మాట, కరిగించే మందు హయాలురోనిక్ యాసిడ్ ఫిల్లర్‌కే పనిచేస్తుంది, మిగతా రకాలకి పనిచేయదు. మీకు వేసేది ఏ రకమో డబ్బా మీద చూసి, ఆ స్టిక్కర్ మీ ఫైల్లో అంటించుకోండి.

ఇక ఫేస్‌లిఫ్ట్. పూర్వం చర్మాన్ని మాత్రమే లాగి కుట్టేవారు, ముఖం గాలికి ఎదురు నిలబడ్డట్టు కనిపించేది, అదీ త్వరగా మళ్ళీ జారిపోయేది. 1976లో మిట్జ్, పెరోనీ అని ఫ్రాన్స్ వాళ్ళిద్దరు చర్మం కింద ఉన్న ఆ గట్టి పొర గురించి రాశారు, దాన్నే స్మాస్ అంటారు. అప్పట్నుంచి లాగేది ఆ పొరని, చర్మాన్ని బిగించకుండా పైన సర్ది కుడతారు. కణత దగ్గర జుట్టులో మొదలై, చెవి ముందు నుంచి తమ్మె కింద తిరిగి, చెవి వెనక జుట్టులోకి పోతుంది కోత. మూడు నాలుగు గంటలు పడుతుంది. సుమారు పదేళ్ళు నిలుస్తుంది, ఆ తర్వాత కూడా చేయించుకోని వాళ్ళకంటే మెరుగ్గానే ఉంటారు. కానీ నుదుటి గీతలు, పెదవి మీద సన్నటి గీతలు, ఎండ మచ్చలు దీంతో పోవు. దారాలతో లాగే థ్రెడ్ లిఫ్ట్ గురించి కూడా ఎవరో ఒకరు చెప్తారు, కొద్ది నెలల ముచ్చట, మీకు వద్దు.

భయపెట్టను గానీ చెప్పాలి. మొదటి రోజు చర్మం కింద రక్తం గడ్డకట్టడమే అన్నిటికంటే ఎక్కువగా చూసేది, బీపీ ఉంటే మరీను. చెవి తమ్మె నెలల తరబడి మొద్దుబారి ఉండొచ్చు. ముఖ నరం దెబ్బతిని మూతి వంకరపోవడం శాశ్వతంగా ఉండిపోవడం అరుదే, తాత్కాలికంగా జరగొచ్చు. మీకు షుగర్ ఉంది కాబట్టి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) సరిగ్గా లేకుండా ఏ మంచి సర్జనూ కత్తి పట్టుకోరు. ఎకోస్ప్రిన్ లాంటి రక్తం పలచబరిచే మాత్రలు వేసుకుంటుంటే చెప్పండి, సొంతంగా ఆపేయకండి. పొగాకు మాత్రం కనీసం నాలుగు వారాల ముందే పూర్తిగా ఆపాలి. టీచరమ్మకి ఆ అలవాటు ఉండదు లెండి, మన తీరం వైపు అడ్డపొగ (నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట) తాగే పెద్దమ్మలు చదువుతుంటే వాళ్ళ కోసం చెప్తున్నాను. పొగాకు వల్ల చర్మానికి రక్తం అందక చెవి వెనక నల్లబడి ఊడిపోతుంది, ఆ డ్రెస్సింగులు నేను చేశాను.

ఒక పని చేయండి. చిన్న అద్దం పట్టుకుని మంచం మీద వెల్లకిలా పడుకుని ముఖం చూసుకోండి. అలా చూస్తే బాగుంది అనిపిస్తే మీ సమస్య జారుడు, అది సర్జరీ లెక్క. అలా పడుకున్నా బుగ్గలు గుంటలుగానే ఉంటే కొవ్వు లోటు కూడా ఉన్నట్టు.

ఆమదాలవలస_చిన్నోడు

మా అమ్మ చేయించుకుంది, 61 ఏళ్ళకి. సిస్టర్ గారు చెప్పినవన్నీ కరెక్టే, చెప్పనివి నేను చెప్తాను. మొదటి వారం ఎవరూ గుర్తుపట్టరు. తలకి కట్టు, చెవి వెనక సన్నటి గొట్టం, ముఖం గుమ్మడికాయంత. అద్దం చూసుకుని ఏడ్చేసింది, ఎందుకు చేయించావురా అని నన్ను తిట్టింది, నేనేదో బలవంతం చేసినట్టు. మూడో వారానికి మా చిన్నమ్మ వచ్చి "ఏటప్పా, బాగా నిద్రపోతున్నావేటి" అంది. ఆపరేషన్ అని ఇప్పటికీ ఆవిడకి తెలీదు.

తలకి రంగు వేసుకునే అలవాటుంటే ముందే వేసుకోండి, తర్వాత నెల పైనే వేయనివ్వరు. బుట్టలు, దుద్దులు కూడా చాన్నాళ్ళు పెట్టుకోలేదు. డబ్బు లక్షల్లో వ్యవహారం, ఇన్సూరెన్స్ రాదు. మామూలు వైద్యానికి లేని జీఎస్టీ అందం కోసం చేసే దానికి ఉంది. బిల్లు చూసి మా నాన్న ముఖం జారింది.

టీచరమ్మ_విజయనగరం

పడుకుని చూసుకున్నాను సిస్టర్ గారూ. దవడ చక్కగా వచ్చేసింది, పదేళ్ళు తగ్గినట్టు. కానీ ఎడమ బుగ్గ మాత్రం లోపలికే ఉంది. ఆ వైపు పై దవడ పళ్ళు తీయించేసి చాలా కాలమైంది, కట్టించుకోలేదు. దానివల్లా? హెచ్‌బీఏ1సీ 7.1. పెళ్ళికి ముందు అవుతుందంటారా?

ఓటీ_సిస్టర్

దానివల్ల కూడా. పళ్ళు పోయిన చోట ఎముక అరిగి బుగ్గకి ఆసరా పోతుంది. ముందు పళ్ళు కట్టించుకోండి, ఫిల్లర్ సగం తగ్గొచ్చు, అసలు వద్దనిపించినా ఆశ్చర్యం లేదు.

7.1 అంటే చాలామంది సర్జన్లు సరేనంటారు. బరువు ఇంకా తగ్గుతున్నారా, ఆగిందా? తగ్గుతుంటే ఇప్పుడు లాగి కుట్టిందంతా మళ్ళీ వదులవుతుంది. ఆరు నెలలు ఒకే బరువు మీద నిలిచాక చేయించుకోవడం మేలు. ఆ లెక్కన పెళ్ళయ్యాక వేసవి సెలవుల్లో పెట్టుకోండి, స్కూల్లో ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. పెళ్ళికే చేయించుకోవాలంటే కనీసం మూడు నెలల ముందు అయిపోవాలి, పెళ్ళిపనులు పెట్టుకుని బీపీ పెంచుకుంటూ అదెందుకు?

పెళ్ళికి మాత్రం నుదుటికి బొటాక్స్ నెల ముందు వేయించుకోండి. పౌడర్ సీసా మీ ఎదురుగా తెరిచి సెలైన్‌లో కలపమనండి, పోయినవారం కలిపి మిగిలింది ఒప్పుకోకండి. పెళ్ళి వారంలో ముఖం మీద సూది పడనివ్వకండి, కమిలితే ఫొటోల్లో అదే కనబడుతుంది.

టీచరమ్మ_విజయనగరం

బరువు ఇంకా తగ్గుతూనే ఉందండి. అయితే సోమవారం పళ్ళ డాక్టర్ దగ్గరికి. నాలుగు సిరంజిలకి ఇచ్చిన అడ్వాన్స్ వెనక్కిస్తారంటారా?

పాలకొండ_కోడలు

ఇవ్వరు అక్కా. బొటాక్స్‌లో సర్దమని అడగండి, దానికి ఒప్పుకుంటారు.