అప్‌డేట్: ‘కౌంటర్‌వెయిలింగ్’ సంగతి తేలింది

‘కౌంటర్‌వెయిలింగ్’ అంటే ఏమిటి, ‘ఆఫ్‌సెట్’ అంటే చాలదా అని మొన్న అడిగాను కదా. చిత్తూరులో మామిడి గుజ్జు ఎగుమతి కాగితాలు చూసే మా బావకు అమెరికా నుంచి వచ్చిన మెయిల్‌లో ఉండింది ఆ మాట.

జవాబిచ్చినవాళ్లకు థ్యాంక్స్. ‘ఒకవైపు లాగేదానికి అంతే బలంగా ఎదురు నిలిచేది’ అన్న వివరణ బాగా అతికింది. లాటిన్‌లో ‘కాంట్రా’ ఎదురు, ‘వలేరే’ బలంగా ఉండటం. ఆఫ్‌సెట్ రోజూ వాడే లెక్కల మాట: కాయల ధర పెరిగింది, గుజ్జు ధరా పెరిగింది, చెల్లుకు చెల్లు. ఇదేమో ఎక్కువగా సుంకాల దగ్గరే కనిపిస్తుంది. ఎగుమతి చేసే దేశం సబ్సిడీ ఇస్తే, కొనే దేశం ఆ మేరకు వేసే సుంకం. మన 1975 కస్టమ్స్ టారిఫ్ చట్టంలో అది సెక్షన్ 9. డంపింగ్ (సొంత దేశంలో కంటే తక్కువ ధరకు బయట అమ్మడం) మీద వేసేది 9ఏ, రెండూ కలపకూడదు. 2024లో అమెరికా మన రొయ్యల మీద వేసింది ఈ కౌంటర్‌వెయిలింగ్ సుంకమే.

‘కౌంటర్‌వెయిలింగ్ వాదన’ అని కూడా రాస్తారట, అదీ బరువైన రాతల్లోనే. ఇంట్లో అంటే నవ్వుతారు.

ఆ సుంకం పడితే ఎవరు భరించాలన్నదే మెయిల్ సారాంశం. మామూలుగా కట్టేది దిగుమతిదారే. అయినా కాంట్రాక్టులో స్పష్టంగా రాయించుకోమని బావకు చెప్పాను.