ప్రింట్‌ఎఫ్‌లో డబుల్ చెత్తగా వస్తే తప్పు కంపైలర్‌దా, మనదా?

సీతమ్మధార_సి:
32 బిట్ల ఆర్మ్ కార్టెక్స్-ఎం బోర్డు, పైన ఆర్‌టీఓఎస్ (రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్). ప్రింట్‌ఎఫ్‌కి ఇంట్ ఇస్తే సరిగ్గా వస్తోంది. డబుల్ గానీ 64 బిట్ల కౌంటర్ గానీ ఇస్తే చెత్త. అదే డబుల్ మామూలు ఫంక్షన్‌కి పంపితే క్షేమంగా చేరుతోంది. ఇది కంపైలర్ బగ్గే అంటాను.

గాజువాక_ఫర్మ్‌వేర్:
కాదండీ, కంపైలర్ ఏబీఐ (ఫంక్షన్‌కి విలువలు ఎలా పంపాలో చెప్పే ఒప్పందం) ప్రకారమే నడుస్తోంది. ఆర్మ్ ఏబీఐలో 8 బైట్ల విలువ సరిసంఖ్య రిజిస్టర్‌తో మొదలయ్యే జతలోనే వెళ్లాలి. అంటే ఆర్0లో ఫార్మాట్ స్ట్రింగ్, ఆర్1 ఖాళీ, ఆర్2-ఆర్3లో డబుల్. ప్రింట్‌ఎఫ్ మొదలవగానే వీటిని స్టాక్ మీదకి తోస్తుంది. ఆ తర్వాత వీఏ_ఆర్గ్ (తర్వాతి ఆర్గ్యుమెంట్‌ని తీసే మాక్రో) తన పాయింటర్‌ని 8 గుణిజం వరకు పైకి జరిపి చదువుతుంది. ఎస్‌పీ (స్టాక్ పాయింటర్) 8 గుణిజమైతే ఆర్1 గడి దాటి ఆర్2 దగ్గర ఆగుతుంది. ఎస్‌పీ ఆ గుణిజం నుంచి 4 బైట్లు పక్కకి జరిగితే ఆర్1 గడే గుణిజం మీద పడుతుంది. పాయింటర్ కదలదు, ఆర్1 చెత్తనీ ఆర్2నీ కలిపి డబుల్ అనుకుంటుంది. మామూలు ఫంక్షన్‌లో విలువ ఎక్కడుందో కంపైల్ చేసేటప్పుడే తేలిపోతుంది, చిరునామాని సవరించే పనే లేదు. అందుకే అక్కడ తప్పు బయటపడదు.

ప్రింట్‌ఎఫ్ మొదటి ఇన్‌స్ట్రక్షన్ దగ్గర బ్రేక్‌పాయింట్ పెట్టి ఎస్‌పీ చూడండి. హెక్స్‌లో చివరి అంకె 0 లేదా 8 ఉండాలి. 4 లేదా సీ కనిపిస్తే టాస్క్ స్టాక్ పైకొనని 8 గుణిజానికి దించండి. అసెంబ్లీ రొటీన్లు కూడా చూడండి: ఎల్‌ఆర్ (తిరిగి వెళ్లాల్సిన చిరునామా ఉండే రిజిస్టర్) ఒక్కటే పుష్ చేసి ప్రింట్‌ఎఫ్‌ని పిలిస్తే ఇదే గొడవ. ఆర్4 కూడా కలిపి పుష్ చేస్తే సరిపోతుంది.

మద్దిలపాలెం_64:
మాస్టారూ, కారణం ఒప్పుకుంటాను. కానీ ఇంత సున్నితమైన దాన్ని ఉత్పత్తి కోడ్‌లో ఉంచడమే తప్పంటాను. మిస్రా సి 2012 (భద్రత ముఖ్యమైన సి కోడ్‌కి నియమావళి)లో 17.1 నియమం ఎస్‌టీడీఆర్గ్ (వీఏ_ఆర్గ్ ఉండే హెడర్) వద్దనే చెబుతుంది. పెదగంట్యాడ మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాలు చేసేవాళ్లకైతే ఇందులో రాజీ ఉండకూడదు. ఇంట్‌కి ఒక లాగ్ ఫంక్షన్, 64 బిట్లకి ఒకటి, డబుల్‌కి ఒకటి రాసుకుంటే రకం తప్పగానే కంపైలరే పట్టుకుంటుంది.

ఇంకో ప్రమాదం, ల్యాప్‌టాప్‌లో పరీక్ష. 64 బిట్ల కౌంటర్‌కి పొరపాటున %డి (ఇంట్‌కి వాడే ఫార్మాట్) రాశారనుకోండి. ఎక్స్86-64 లైనక్స్‌లో ప్రతి పూర్ణాంకానికీ సొంత 8 బైట్ల రిజిస్టర్ కాబట్టి కింది 32 బిట్లు సరిగ్గానే కనిపిస్తాయి, పక్క ఆర్గ్యుమెంట్ చెడదు. బోర్డు మీద అదే %డి ఆర్1 చెత్తని చదువుతుంది, తర్వాతి %డికి కౌంటర్ కింది సగం వస్తుంది. పరీక్ష పాసైన కోడ్ పరికరంలో అబద్ధం చెబుతుంది.

గాజువాక_ఫర్మ్‌వేర్:
రకాల తప్పుకి మందు ఉంది కదండీ. -డబ్ల్యూఫార్మాట్ హెచ్చరికని ఎర్రర్‌గా మార్చి, మన లాగ్ ఫంక్షన్‌కి ఫార్మాట్ యాట్రిబ్యూట్ (దీన్నీ ప్రింట్‌ఎఫ్‌లా తనిఖీ చేయమనే గుర్తు) తగిలిస్తే జీసీసీ, క్లాంగ్ రెండూ పట్టేస్తాయి. ఫార్మాట్ స్ట్రింగ్ మాత్రం లిటరల్‌గానే (కోట్స్‌లో నేరుగా రాసి) ఉండాలి, వేరియబుల్‌లో వస్తే ఆ తనిఖీ పనిచేయదు. నిషేధించినంత మాత్రాన వంకర స్టాక్ సరికాదు, కనబడకుండా పోతుందంతే.

సీతమ్మధార_సి:
ఎస్‌పీ చివర 4 ఉంది. స్టాక్‌ని 32 బిట్ల వర్డ్ ఎరేగా ప్రకటించాం, దానికి 4 బైట్ల అలైన్‌మెంటే గ్యారంటీ. బగ్ అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే మద్దిలపాలెం గారి మాటా వదలను: రోగి వైపు వెళ్లే మాడ్యూళ్లలో రకానికో ఫంక్షన్, డీబగ్ పోర్టులో మాత్రమే ప్రింట్‌ఎఫ్.