హైదరాబాదుకు ఒక్కరోజు విహారయాత్ర: చార్మినారా, గోల్కొండా?

నీలగిరి ఉపాధ్యాయుడు:
మా పాఠశాల తొమ్మిదో తరగతి పిల్లలు 60 మందిని ఒక్కరోజు యాత్రకు హైదరాబాదు తీసుకువెళ్తున్నాము. నల్లగొండలో తెల్లవారుజామున ఐదింటికి బస్సు కదిలినా, నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా ఎల్బీనగర్ దాటేసరికి ఎనిమిదవుతుంది. పోయిన ఏడాది చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, జూపార్కు, బిర్లా మందిరం, గోల్కొండ అని పట్టిక రాసుకొని బయలుదేరి, సగం రోజు బస్సులోనే గడిపాము. గోల్కొండ చేరేసరికి ద్వారం మూసే వేళయింది. ఈసారి ఏది ఉంచాలి, ఏది వదలాలి?

దేవరకొండ వాసి:
చార్మినార్‌ను వదలకూడదు. ఇంటికి రాగానే ఏ అవ్వ అయినా ముందు అడిగేది "చార్మినార్ చూసినవా బిడ్డా?" అనే. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన ఆ కట్టడం పక్కనే మక్కా మసీదు, లాడ్ బజార్ ఉన్నాయి. చౌమహల్లా, సాలార్‌జంగ్ కూడా దూరం కావు. ఒకచోట బస్సు దిగితే అన్నీ అయిపోతాయి. శుక్రవారం మాత్రం పెట్టుకోకండి, ఆ రెండింటికీ అది సెలవు.

నకిరేకల్ చదువరి:
"అయిపోతాయి" అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. నా అభిప్రాయంలో గోల్కొండ ఒక్కటే చాలు, రోజంతా అక్కడే గడపండి. చార్మినార్ కింద నిలబడి ఫోటో దిగడానికి పది నిమిషాలు పడుతుంది, ఆ తరువాత చూసేదంతా గాజుల దుకాణాలే. గోల్కొండలో టికెట్టు చూపించి లోపలికి వెళ్ళగానే వచ్చే గుమ్మటం కింద సగం మంది పిల్లలను నిలబెట్టి, మిగిలిన సగం మందిని కొండ మీది బాలాహిస్సార్‌కు పంపండి. కింద చప్పట్లు కొడితే పైన వినపడుతుంది. ఆ శబ్దం విన్న పిల్లవాడు ఎందుకలా అని తానే అడుగుతాడు, భౌతికశాస్త్రం పాఠం అక్కడి నుండి మొదలుపెట్టవచ్చు.

ఇంకొకటి, నీళ్ళు. ఆ కొండ మీదికి పర్షియన్ చక్రాలతో మెట్టుమెట్టుగా నీటిని ఎత్తి, మట్టి గొట్టాల గుండా పారించారు; ఆ గొట్టాల ముక్కలు గోడలలో ఇప్పటికీ కనిపిస్తాయి. పుట్టంగండి దగ్గర మోటార్లతో ఎత్తిపోస్తే తప్ప కృష్ణా నీళ్ళు నల్లగొండ పక్కనున్న ఉదయసముద్రం చెరువుకు చేరని మన పిల్లలకు ఆ గొట్టాల విలువ ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఆ పక్కనే రామదాసు చెరసాల. భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్నను తానీషా బంధించిన చోటు అదేనంటే, కీర్తనలు విన్న ఏ పిల్లవాడైనా లోపలి చీకటిలోకి తొంగి చూడకుండా రాడు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తరువాత ఔరంగజేబు సైన్యానికి కోట తలుపు తెరుచుకున్న కథను మాత్రం పైకి ఎక్కాక, ఆ గోడల పొడవు కంటికి ఆనుతున్నప్పుడే చెప్పండి.

మిర్యాలగూడ తల్లి:
చదువరి గారు వ్రాసినది బాగుంది కానీ, పైకి సుమారు 360 మెట్లు ఉన్నాయన్న సంగతి మరిచారు. ఎండలో నీడ తక్కువ. మా అమ్మాయి అక్కడ సగం దారిలో కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది, వెంట వచ్చిన వారి దగ్గర తాగునీళ్ళు కూడా లేవు. సాలార్‌జంగ్‌లో మేలిముసుగు రెబెక్కా విగ్రహం ముందు పిల్లలు ఎంతసేపైనా నీడపట్టున నిలబడగలరు. పాలరాతిని అంత పలుచని ముసుగులా ఎలా చెక్కారన్నదీ చదువే కదా.

పానగల్లు నివాసి:
రాజధాని చూడడానికి నూరు కిలోమీటర్లు వెళ్ళాలా? ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోళులకు మన పానగల్లు రాజధాని. ఛాయా సోమేశ్వరాలయంలో మూడు గర్భగుడులు ఉంటే, ఒకదానిలో శివలింగం మీద స్తంభం నీడ పగలంతా కదలకుండా పడుతుంది. పట్టణం నుండి సైకిలు మీద వెళ్ళి వచ్చే దూరమే అయినా, మీ 60 మందిలో ఆ నీడను ఎందరు చూశారో ముందు లెక్క తీయండి సారూ.

నీలగిరి ఉపాధ్యాయుడు:
లెక్క తీశాను, పదకొండు మంది. అందుకే వచ్చే శనివారం ఛాయా సోమేశ్వరాలయానికి, ఆ తరువాతి బుధవారం గోల్కొండకు వెళ్తున్నాము. ఎండ ముదరకముందే మెట్లెక్కి దిగుతాము, ఒక్కొక్కరి దగ్గర రెండు నీళ్ళ సీసాలు ఉంటాయి. పదిహేనేళ్ళలోపు పిల్లలకు కోటలో ప్రవేశ రుసుము లేదు కాబట్టి ఆ డబ్బు మధ్యాహ్న భోజనానికి వస్తుంది. ఇక దేవరకొండ వాసి గారూ, అవ్వలందరికీ నేనే సమాధానం చెప్పుకుంటాను.