36 ఏళ్లు, బీఎస్సీ ఎంపీసీ, ప్రైవేట్ స్కూల్లో టీచర్‌ని. ఇప్పుడు బీఈడీ ఎలా చేయాలి?

కొర్లగుంట మ్యాథ్స్ టీచర్:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. బీఎస్సీ ఎంపీసీ చేశాను, 58 శాతం మార్కులు. పెళ్లయ్యాక కొన్నాళ్లు ఇంట్లోనే ఉన్నాను. తర్వాత ఒక ప్రైవేట్ హైస్కూల్లో చేరి 6, 7, 8 తరగతులకు మ్యాథ్స్ చెప్తున్నాను. బీఈడీ లేదు. ఇకమీదట బీఈడీ ఉన్నవాళ్లనే ఉంచుకుంటామని మొన్న మీటింగ్‌లో మేనేజ్‌మెంట్ వాళ్లు చెప్పేశారు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. జీతం తక్కువే, అయినా ఈ పని వదలాలని లేదు.

తెలిసినవాళ్ల ద్వారా ఒకాయన ఫోన్ చేశాడు. కాలేజీకి వెళ్లక్కర్లేదట, పరీక్షలకు వస్తే చాలట, రికార్డులు కూడా వాళ్లే రాయించి పెడతారట. "స్కూళ్లలో చెప్పేవాళ్లంతా ఇట్లాగే చేస్తా ఉన్నారు మేడమ్" అన్నాడు. నా జీతం ఆగదు కాబట్టి మా ఆయనకు అది నచ్చింది. పాప రెండో తరగతి, ఖర్చులు ఉన్నాయి. నాకు మాత్రం మనసు ఒప్పుకోవడం లేదు. డిస్టెన్స్‌లో సరైన దారి ఏదైనా ఉందా? ఈ వయసులో రెగ్యులర్ సీటు ఇస్తారా? తెలిసినవాళ్లు చెప్పండి.

శ్రీకాళహస్తి కుర్రోడు:

అక్కా, ఇగ్నో (ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ)లో డిస్టెన్స్ బీఈడీ ఉంది. రెండేళ్లు. ఎంట్రన్స్ రాయాలి, డిగ్రీలో 50 శాతం ఉంటే చాలు. మా వదిన ప్రైవేట్ స్కూల్లో చెప్తూనే చేసింది. ఆమె అంతకుముందే డీఈడీ (చిన్న తరగతుల టీచర్ ట్రైనింగ్) చేసి ఉంది. మీరూ అప్లై చేయండి.

పుత్తూరు జడ్పీ టీచర్:

తమ్ముడు చెప్పినదాంట్లో వదిన గురించిన చివరి ముక్కే అసలు సంగతి. డిస్టెన్స్ బీఈడీ అనేది ఇప్పటికే ట్రైనింగ్ అయినవాళ్లకు. అంటే డీఈడీ లాంటి, ఎన్‌సీటీఈ (టీచర్ ట్రైనింగ్‌ను చూసే కేంద్ర సంస్థ) గుర్తించిన కోర్సు ఏదైనా కాలేజీకి వెళ్లి చేసి ఉండాలి. ఎన్నేళ్లు పాఠాలు చెప్పినా ఆ ట్రైనింగ్ లేకపోతే ఇగ్నోలో సీటు రాదు. ఉత్త డిగ్రీతో అప్లికేషన్ ఫీజు కట్టి బాధపడినవాళ్లు నాకు తెలుసు. ఆ డబ్బు దాచుకోండమ్మా.

ఇంకో మాట కూడా మీ చెవిన పడుతుంది: "పని చేస్తూనే ఎన్ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్ సంస్థ)లో ట్రైనింగ్ ఇచ్చారు కదా" అని. నిజమే, ఇచ్చారు. 2017లో విద్యాహక్కు చట్టాన్ని సవరించి, ట్రైనింగ్ లేకుండా పని చేస్తున్న టీచర్లకు 2019 మార్చి 31 దాకా గడువు పెట్టారు. వాళ్ల కోసమే ఆ 18 నెలల డీఎల్ఈడీ (డీఈడీకి ఇప్పటి పేరు) నడిపారు. ఆ దారి అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లకు, ఆ ఒక్కసారికి. ఇప్పుడు ఎవరైనా ఆ పేరు చెప్పి డబ్బు అడిగితే నమ్మకండి.

మీకున్న దారి ఎడ్‌సెట్ (బీఈడీ ఎంట్రన్స్) రాసి రెగ్యులర్ బీఈడీలో చేరడం. దానికి గరిష్ఠ వయసు అంటూ లేదు. 19 నిండితే చాలు, 36 అయినా 46 అయినా ఒకటే. మీ 58 శాతం సరిపోతుంది.

ఇక ఆ ఫోన్ చేసినాయన సంగతి. నేను కాస్త గట్టిగానే చెప్తాను, ఏమీ అనుకోవద్దు. ఎన్‌సీటీఈ నిబంధనల ప్రకారం బీఈడీలో తరగతులకు 80 శాతం, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. రెండేళ్లలో కలిపి 20 వారాలు స్కూల్లో గడపాలి. మీరు కాలేజీకి వెళ్లలేదంటే ఆ హాజరు ఎవరో దొంగగా వేసినట్టే కదా. ఒకే రోజు మీరు మీ స్కూల్ రిజిస్టర్‌లోనూ ఉంటారు, కాలేజీ రిజిస్టర్‌లోనూ ఉంటారు. రేపు డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ పోస్టుల పరీక్ష)లో సెలెక్ట్ అయి సర్టిఫికెట్లు చూపించే రోజున ఎవరైనా దాన్ని బయటపెడితే, ఆ ఫోన్ చేసినాయన మీ పక్కన నిలబడడు.

అయినా ఉద్యోగం పోతుందన్న భయం ఒక్కటే కాదు, నాకు అంతకన్నా బాధ కలిగించేది వేరే ఉంది. ఆ 20 వారాలు పోగొట్టుకుంటే బీఈడీలో ఇక మిగిలేదేమిటి? నేనూ మీలాగే ప్రైవేట్ స్కూల్లో చెప్పి, తర్వాత బీఈడీలో చేరినదాన్నే. ఇంటర్న్‌షిప్‌కు ఒక జడ్పీ హైస్కూల్లో వేశారు. ఏడో తరగతిలో భిన్నాల పాఠం. ఒక పిల్ల సగానికి మూడో వంతు కలిపి, పైవి పైవి కూడి, కిందవి కిందవి కూడి, ఐదింట రెండు వంతులు అని రాసింది. బీఈడీ చేయకముందు మనమంతా ఏం చేస్తాం? తప్పు అని కొట్టేసి, క.సా.గు. కట్టించి, మళ్లీ చేయమంటాం. నా గైడ్ టీచర్ వెనక బెంచీలో కూర్చుని నన్ను గమనిస్తున్న పెద్దాయన. ఆయన లేచి వచ్చి ఆ పిల్లను అడిగాడు: "అమ్మా, నీ దగ్గర సగం రొట్టె ఉంది. నేను ఇంకొంచెం ఇచ్చాను. ఇప్పుడు నీ దగ్గర సగం కన్నా ఎక్కువ ఉండాలా, తక్కువ ఉండాలా?" ఎక్కువ అంది. "మరి ఐదింట రెండు సగం కన్నా ఎక్కువా?" ఆ పిల్ల కాగితం మీద ఐదు గడులు గీసుకుని, రెండింటికి రంగు వేసి చూసుకుని, తన తప్పు తనే చెప్పింది. క.సా.గు. ఎందుకు కావాలో ఆ తర్వాతే చెప్పాడాయన. ఇప్పటికీ నా క్లాసులో ఎవరైనా తప్పు రాస్తే ముందు "ఇట్లా ఎందుకు అనిపించింది?" అని అడుగుతాను. పాఠం చెప్పడం ఏళ్లతో అలవాటవుతుంది, కానీ పిల్ల బుర్రలో ఏం నడుస్తోందో చూడటం ఇంకొకరు పక్కన ఉండి నేర్పాలి. మీ పాపకు ఎట్లాంటి టీచర్ దొరకాలని కోరుకుంటారో మీ ఆయన్ని ఒకసారి అడగండి.

జీతం సంగతి నాకు అర్థమవుతుంది. కోర్సు వారానికి 36 గంటలు ఉంటుంది కాబట్టి పగలు ఉద్యోగం కుదరదు. నేను సాయంత్రం ఆరు నుంచి బైరాగిపట్టెడలో ఎనిమిది, తొమ్మిది, పది పిల్లలకు ట్యూషన్ చెప్పి నెట్టుకొచ్చాను. మీరు మ్యాథ్స్ కాబట్టి ట్యూషన్‌కు పిల్లలు దొరుకుతారు.

కార్వేటినగరం డైట్ విద్యార్థి:

మేడమ్ చెప్పినవాటికి ఒకటి కలుపుతాను. బీఈడీ చేస్తే అన్ని టీచర్ పోస్టులకూ అర్హత వస్తుందని చాలామంది అనుకుంటున్నారు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు, ఒకటి నుంచి ఐదు తరగతులకు బీఈడీ అర్హత కాదని తీర్పు ఇచ్చింది. ఎస్జీటీ (ఆ చిన్న తరగతుల ప్రభుత్వ టీచర్) కావాలంటే డీఎల్ఈడీనే చేయాలి. ఇంటర్ మీద డీఈఈసెట్ అనే ఎంట్రన్స్ రాసి చేరాలి, అదీ రెండేళ్లే. మీరు చెప్పేది 6 నుంచి 8 కాబట్టి బీఈడీనే సరైనది. కానీ చిన్నపిల్లలంటే ఇష్టమైతే ఇప్పుడే ఆలోచించుకోండి అక్కా. రెండేళ్లు పోయాక అయ్యో అనుకోకూడదు.

కొర్లగుంట మ్యాథ్స్ టీచర్:

అందరికీ చాలా థ్యాంక్స్. మేడమ్, మీరు రాసింది మా ఆయనకు చదివి వినిపించాను. వెంటనే ఏమీ అనలేదు. రాత్రి భోజనాలప్పుడు "ట్యూషన్‌కు ముందుగదిలో బోర్డు పెడదామా" అని అడిగారు. ఎడ్‌సెట్‌కే సిద్ధమవుతాను. నాకు పెద్ద పిల్లలే బాగుంటారు.

రెండు సందేహాలు. ఒక సంవత్సరం బీఈడీ మళ్లీ వస్తోందంటున్నారు, దానికోసం ఆగాలా? కాలేజీ మంచిదో కాదో ఎట్లా తెలుసుకోవాలి? టెట్ (టీచర్ అర్హత పరీక్ష) కూడా రాయాలా?

పుత్తూరు జడ్పీ టీచర్:

మూడడిగారు, పర్లేదు.

ఆగొద్దు. 2020 జాతీయ విద్యా విధానంలో ఒక ఏడాది బీఈడీ అని రాసింది పీజీ గానీ నాలుగేళ్ల డిగ్రీ గానీ ఉన్నవాళ్ల కోసం. మీది మూడేళ్ల బీఎస్సీ, మీకు రెండేళ్లదే.

టెట్ రాయాలి. ప్రభుత్వ స్కూలైనా ప్రైవేటైనా 8 దాకా చెప్పేవాళ్లకు అది అర్హతే. మీకు పేపర్ 2ఏ. 150 మార్కులు, అందులో మ్యాథ్స్, సైన్స్ కలిపి 60. ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ ఎస్టీలకు 60 వస్తే పాస్. ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. కానీ ఎక్కువ మార్కులు తెచ్చుకోండి, డీఎస్సీలో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంటుంది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వేశారు, ఓసీలకు వయసు 44 దాకా, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు 49 దాకా ఇచ్చారు. మీకు టైమ్ ఉంది.

కాలేజీ గురించి: వెబ్ ఆప్షన్లు (ఆన్‌లైన్‌లో కాలేజీల ఎంపిక) పెట్టేముందు ఎన్‌సీటీఈ గుర్తింపు, యూనివర్సిటీ అఫిలియేషన్ చూసుకోండి. అంతకన్నా ముఖ్యం, మామూలు మంగళవారమో బుధవారమో పొద్దున పదకొండుకు చెప్పకుండా వెళ్లండి. క్లాసుల్లో మనుషులు ఉన్నారా? ఇంటర్న్‌షిప్‌కు ఏ స్కూళ్లకు పంపుతారో సీనియర్లను అడగండి, ఆఫీసులో కాదు. గబగబా నాలుగు స్కూళ్ల పేర్లు చెప్పగలిగితే అక్కడ పని జరుగుతోందని అర్థం.

ఎడ్‌సెట్ రెండు గంటలు, 150 ప్రశ్నలు. ఇంగ్లీష్ 25, జీకే 15, టీచింగ్ ఆప్టిట్యూడ్ 10, మిగతా 100 మీ మ్యాథ్స్‌వే, డిగ్రీ స్థాయిలో ఉంటాయి. ఎనిమిదో తరగతి లెక్కలు చెప్తున్నాం కదా అని ధీమాగా ఉండొద్దు. బీఎస్సీ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు ఇప్పుడే దులిపి బయటకు తీయండి. పాత పుస్తకాలు దొరక్కపోతే నావి ఇస్తాను, పుత్తూరు బస్టాండ్ దగ్గరికి వచ్చి తీసుకెళ్లండి.