బీఎస్సీ నర్సింగ్‌లో చేరి రెండు నెలలైంది, వార్డులో కళ్లు తిరిగి పడిపోయాను. ఉండాలా, మానేయాలా?

సూర్యాపేట_పిల్ల:
అందరికీ నమస్తే. మాది సూర్యాపేట దగ్గర పల్లెటూరు. ఇంటర్ బైపీసీ తెలుగు మీడియంలో చదివాను. హైదరాబాద్‌లో బీఎస్సీ నర్సింగ్ సీటు వచ్చింది, హాస్టల్లో ఉంటున్నా. క్లాసులో మేడమ్ అనాటమీ మొత్తం ఇంగ్లిష్‌లోనే చెప్తారు, నేను సగం రాసుకునేలోపు తర్వాతి పేజీకి వెళ్లిపోతారు. నాతో చదివే వాళ్లు చాలామంది ఇంగ్లిష్ మీడియం, వాళ్లని అడగాలంటే సిగ్గుగా ఉంటుంది. అది ఎలాగోలా భరిస్తున్నా కానీ పోయిన వారం వార్డుకి తీసుకెళ్లారు. షుగర్ వల్ల కాలికి పుండు పడిన పెద్దాయనకి డ్రెస్సింగ్ చేస్తుంటే చూడమన్నారు, ఆ వాసనకి చెవుల్లో గుయ్యిమని శబ్దం, తర్వాత కింద పడిపోయా. సీనియర్లు నీళ్లు కొట్టి లేపారు. అప్పటి నుంచి వార్డు అంటేనే టెన్షన్. మా మేనత్త ముందు నుంచీ "బెడ్‌పాన్లు ఎత్తే చదువు ఎందుకే" అంటూనే ఉంది. నాన్న మాత్రం ఏమీ అనలేదు, హాస్టల్ ఫీజు అప్పు తెచ్చి కట్టాడు. మానేసి డిగ్రీలో చేరదామా అని ఆలోచిస్తున్నా. నాలాగా ఎవరికైనా అయ్యిందా?

మూడో_ఏడాది:
చెల్లీ, నాకూ అయ్యింది, మా బ్యాచ్‌లో ఇంకో నలుగురికీ అయ్యింది. ముందు ఒక్క మాట చెప్పు, ఆ రోజు పొద్దున టిఫిన్ తిన్నావా? ఎనిమిదింటికల్లా వార్డులో ఉండాలని హాస్టల్లో చాలామంది టీ తాగి పరిగెత్తుతారు. ఖాళీ కడుపు, కదలకుండా ఒకేచోట నిలబడటం, దానికి తోడు వాసన, ఈ మూడూ కలిస్తే బీపీ ఒక్కసారిగా తగ్గి ఎవరైనా పడిపోతారు. ఇంకోసారి మోకాళ్లు బిగబట్టి నిలబడకు, కాళ్లు కొంచెం కదిలిస్తూ ఉండు. చెవుల్లో శబ్దం, చెమట, చూపు మసకబారడం మొదలైందంటే మేడమ్ ఏమనుకుంటారోనని ఆగకుండా వెంటనే కూర్చో, వీలైతే పడుకో. పడి తలకి దెబ్బ తగిలించుకోవడం కంటే అదే మంచిది, మేడమ్‌లకి కూడా ఇది కొత్తేం కాదు.

ఇంక ఇంగ్లిష్ సంగతి. నేనూ తెలుగు మీడియమే. నాకు బాగా పనికొచ్చింది ఏంటంటే పదాల్ని ముక్కలుగా విరగ్గొట్టడం. చివర "ఐటిస్" ఉంటే వాపు, "ఎక్టమీ" ఉంటే కోసి తీసేయడం. గ్యాస్ట్రైటిస్, హెపటైటిస్, అపెండెక్టమీ, హిస్టరెక్టమీ అన్నీ అలాగే తెలిసిపోతాయి. ముందు "టాకీ" ఉంటే వేగం, "బ్రాడీ" అంటే నెమ్మది, "హైపర్" ఎక్కువ, "హైపో" తక్కువ. ఈ చివరి రెండూ ఒకేలా వినపడతాయి, అక్కడ మాత్రం చాలా జాగ్రత్త. కాలేయం, క్లోమం, మూత్రపిండం ఏం పని చేస్తాయో నువ్వు ఇంటర్‌లోనే చదివేశావు, కొత్తగా నేర్చుకోవాల్సింది పేర్లే. నేను రాత్రి పడుకునే ముందు ఇంటర్ జువాలజీ పుస్తకంలో ఆ పాఠం ఒకసారి తెలుగులో చదివి, పొద్దున క్లాసులో ఇంగ్లిష్‌లో వినేదాన్ని. మొదటి సెమిస్టర్ అంతా అలాగే గట్టెక్కా.

అటెండెన్స్ మాత్రం పోగొట్టుకోకు. థియరీకి 80 శాతం లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు, క్లినికల్ గంటలైతే, అంటే వార్డులో నేర్చుకునే గంటలు, డిగ్రీ చేతికొచ్చేలోపు నూటికి నూరు శాతం పూర్తి చేయాల్సిందే. వార్డంటే భయమని ఎగ్గొడితే ఆ రోజులు తర్వాత నువ్వే కూర్చుని తీర్చుకోవాలి.

నైట్_డ్యూటీ_అన్న:
నేను కొంచెం వేరేగా చెప్తా, ఏమనుకోకు. మానేయాలని నిజంగా ఉంటే ఇప్పుడే తేల్చుకోమ్మా. మా క్లాస్‌మేట్ ఒకడు ఇంట్లో చెప్పలేక రెండేళ్లు లాగి మూడో ఏడాది మానేశాడు. ఫీజు పోయింది, ఆ రెండేళ్లూ పోయాయి. మధ్యలో మానేస్తే షరతులేంటో, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎలా ఇస్తారో అలాట్‌మెంట్ పేపర్లలో ముందు చూసుకో. అయితే నువ్వు రాసింది చదివితే చదువు ఇష్టం లేదన్న మాట నాకు ఎక్కడా కనపడలేదు. వాసన పడలేదు, ఇంగ్లిష్ అర్థం కాలేదు, మేనత్త మాట అంది. ఈ మూడింటి కోసం మానేయాల్సిన పని లేదనే నా అభిప్రాయం.

వార్డు_అక్క:
పదకొండేళ్లుగా ప్రభుత్వ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నా. బెడ్‌పాన్ గురించి చెప్పాలనే రాస్తున్నా తల్లీ. అవును, ఎత్తుతాం. ఎత్తినప్పుడు చూస్తాం కూడా. మలం తారులా నల్లగా ఉంటే లోపల ఎక్కడో రక్తం కారుతోందేమోనని అనుమానించాలి, ఐరన్ మాత్రలు వేసుకుంటున్నారా అని అడగాలి. మూత్రం ఎంత వచ్చిందో కొలిచి చార్టులో రాయాలి, అది తగ్గుతోందని డాక్టర్‌కి ముందుగా చెప్పేది మనమే. మీ మేనత్తకి ఈ సంగతి తెలియదు, అందుకే ఆ మాట అంది.

నువ్వు తెలుగు మీడియం అని బాధపడుతున్నావు కానీ వార్డులో అదే నీకు అక్కరకొస్తుంది. పల్లె నుంచి వచ్చిన ముసలావిడ "గుండెల్లో మంట" అంటుంది, "కాళ్లు గుంజుతున్నయి" అంటుంది, "ఆయాసం" అంటుంది. గుండెల్లో అంటే కొందరికి ఛాతీ, కొందరికి పొట్ట పైభాగం. వేలు పెట్టి చూపించమ్మా అని అడగాలని నీకు ఎవరూ నేర్పక్కర్లేదు, చిన్నప్పటి నుంచీ మీ ఇంట్లో వింటున్న మాటలే అవి. ఇంగ్లిష్ ఒక ఏడాదిలో వస్తుంది. ఈ భాష పుస్తకంలో దొరకదు.

వాసనకి ఒక ఉపాయం చెప్తా. డ్రెస్సింగ్ అప్పుడు పుండు వైపు కాకుండా ముందు పేషెంట్ ముఖం వైపు నిలబడి ఆయనతో మాట్లాడు. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, ఏదో ఒకటి అడుగు. ఆయనకీ నొప్పి మీద నుంచి ధ్యాస మళ్లుతుంది, నీకూ మళ్లుతుంది. మూడు నాలుగు సార్లకి చూపు దానంతటదే పుండు మీదకి వెళ్తుంది. నోటితో ఊపిరి పీల్చు, మాస్కు వేసుకో, కానీ ఆయన ముందు ముక్కు మూసుకోకు. ఆ వాసన తన నుంచే వస్తోందని ఆయనకి తెలుసు.

సూర్యాపేట_పిల్ల:
అక్కా, ఈ చివరి మాట చదివి ఏడ్చేశా. ఆ రోజు నేను ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకున్నాను. ఈ రోజు మళ్లీ అదే వార్డు, టిఫిన్ తినే వెళ్లా. ఆ తాత ఇంకా అక్కడే ఉన్నాడు, "పడిపోయిన పిల్లవు నువ్వే కదా, తిన్నావా" అని ఆయనే అడిగాడు. డ్రెస్సింగ్ అయ్యేదాకా పక్కనే నిలబడ్డా. మధ్యలో ఒకసారి బయటికి వెళ్లొచ్చాను, కానీ పడలేదు. మానేయడం గురించి నాన్నకి ఏమీ చెప్పలేదు, ఇప్పటికైతే చెప్పను. ఒక్క సందేహం, అనాటమీ పుస్తకం కొత్తది చాలా ఖరీదు ఉంది, పాతది కొనుక్కోవచ్చా?

మూడో_ఏడాది:
కొనుక్కో, కోఠిలో పాత పుస్తకాల దుకాణాల్లో దొరుకుతుంది. అనాటమీకి పాతదైనా పర్లేదు, ఎముకలేం మారవు. నర్సింగ్ ఫౌండేషన్ సబ్జెక్టు పుస్తకం మాత్రం 2021లో సిలబస్ మారి సెమిస్టర్లు వచ్చాక అచ్చయిందేనా అని చూసి తీసుకో. ఆదివారం నేను కూడా అటే వెళ్తున్నా, కావాలంటే మెసేజ్ పెట్టు.