సిస్టాలిక్ మర్మర్ (గుండె ముడుచుకునేటప్పుడు వినిపించే అదనపు శబ్దం): ఎకో (గుండె స్కాన్) వచ్చేలోపు కారణం ఎలా తేలుస్తారు?

హౌస్‌సర్జన్_మెడిసిన్: అరవై దాటిన పెద్దాయన, మెట్లెక్కితే ఆయాసం. మర్మర్ రెండు చోట్లా గట్టిగానే ఉంది. కుడివైపు రెండో పక్కటెముకల సందులో గరుకుగా, ఎపెక్స్ (గుండె కింది కొస) దగ్గర సన్నగా ఈలలా. ఎయోర్టిక్ స్టెనోసిసా (రక్తం గుండె నుంచి బయటికెళ్లే కవాటం ఇరుకవడం), మైట్రల్ లీకా (ఎడమ గదుల మధ్య కవాటం కారడం)? రేపటి రౌండ్స్ తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది.

పీజీ_రెండో_ఏడాది: తమ్ముడూ, స్టెత్ తీసేసి ముందు కెరోటిడ్ (మెడలోని పెద్ద ధమని) పట్టుకో. పల్స్ నెమ్మదిగా, నీరసంగా లేస్తే స్టెనోసిస్ వైపే. పెద్దవాళ్లలో రక్తనాళాలు బిరుసెక్కి పల్స్ మామూలుగానే తగలొచ్చు, దాన్నిబట్టి కొట్టిపారేయకు. మర్మర్ మెడలోకి పాకుతోందా, చంకలోకా? స్టెనోసిస్ శబ్దమే ఎపెక్స్ దగ్గర ఈలలా వినిపించి మైట్రల్ లీకని భ్రమపెడుతుంది. గాలావర్డిన్ ఎఫెక్ట్ అనేది దీన్నే.

కార్డియాలజీ_మేడం: ఆయనకు ఎక్టోపిక్ బీట్స్ (మధ్యలో ముందే వచ్చే అదనపు బీట్లు) ఉంటే అదృష్టమే, కాసేపు ఓపిగ్గా వినండి. ఎక్టోపిక్ తర్వాతి విరామంలో వెంట్రికల్ (గుండె కింది గది) బాగా నిండుతుంది. ఆ వెంటనే వచ్చే బీట్‌లో స్టెనోసిస్ మర్మర్ పెరుగుతుంది, మైట్రల్ లీక్‌ది దాదాపు అలాగే ఉంటుంది. పిడికిలి గట్టిగా బిగించమంటే లీక్‌దే పెరుగుతుంది.

హౌస్‌సర్జన్_మెడిసిన్: ఇప్పుడే విన్నాను మేడం. విరామం తర్వాత రెండు చోట్లా పెరిగింది. రెండో గుండె శబ్దం (కవాటాలు మూసుకునే ‘డబ్’) కూడా బాగా మెత్తగా ఉంది.

కార్డియాలజీ_మేడం: అయితే స్టెనోసిస్ తీవ్రంగానే ఉండొచ్చు. మర్మర్ ఎంత ఆలస్యంగా పీక్‌కి వస్తే అంత అనుమానించాలి. శబ్దం పెద్దదా చిన్నదా అన్నదాన్ని బట్టి తీవ్రత చెప్పకండి. గుండె బలహీనపడితే మర్మర్ కూడా తగ్గిపోతుంది.

పిల్లల_డాక్టర్: మా ఓపీలో ఎక్కువ కనిపించేది స్టిల్స్ మర్మర్, అంటే జబ్బేమీ లేని పిల్లల్లో వినిపించే అమాయకమైన శబ్దం. పడుకోబెడితే తీగ మీటినట్టు వినిపిస్తుంది, కూర్చోబెడితే తగ్గుతుంది. జ్వరం, రక్తహీనత ఉంటే ఇంకా గట్టిగా వినిపిస్తుంది. అలాగని అమాయకమైనదని చెప్పే ముందు రెండో శబ్దం వినండి. ఊపిరి పీల్చినా వదిలినా ఆ శబ్దం రెండుగా చీలడం ఒకేలా ఉంటే ఏఎస్‌డీ (గుండె పై గదుల మధ్య గోడలో రంధ్రం) కోసం ఎకో తప్పనిసరి. ఆటలో కళ్లు తిరిగి పడిన పిల్లవాణ్ని గొంతుక్కూర్చోబెట్టి, తర్వాత నిలబెట్టి వినాలి. నిలబడగానే మర్మర్ పెరిగితే హెచ్‌ఓసీఎం (గుండె కండరం మందమై రక్తం దారికి అడ్డుపడే జబ్బు) గుర్తుకు రావాలి.

ఐసీయూ_డ్యూటీ: గుండెపోటు తర్వాత రెండు మూడు రోజులకు హఠాత్తుగా ఆయాసం, బీపీ పడిపోవడం ఉంటే పద్ధతి వేరు. పాపిల్లరీ కండరం (మైట్రల్ కవాటాన్ని పట్టి ఉంచేది) తెగినప్పుడు మర్మర్ చిన్నగా ఉండొచ్చు, అసలు వినబడకపోవచ్చు కూడా. అక్కడ విరామాలూ పిడికిళ్లూ చూస్తూ కూర్చోకండి. ఎకో మెషిన్‌ను మంచం దగ్గరికే తెప్పించి, సర్జన్‌కు అప్పుడే ఫోన్ చేయండి.